పలికిందా?

ఈ కూతడబ్బీ తీగ ఎవరు పీకారు? నువ్వేనా? గట్టిగా చెప్పు నాయనా, ఆ పక్కన నిలబడి గొణిగితే గోడతో చెప్పినట్టే. ఇటు రా, కుడి చెవి వైపు. ఆఁ, ఇప్పుడు చెప్పు. నువ్వే పీకావన్నమాట. ఎప్పుడు? నిన్న పొద్దున్నా? అంటే నిన్నంతా, ఇవాళ నాలుగు ట్రిప్పులూ ఈ పడవ నోరు మూసుకుని తిరిగిందా? కూతకి జనం భయపడుతున్నారని పీకేశావా! భయపడరూ మరి? దాని పనే అది, భయపెట్టడం. సర్లే, అలా గుమ్మంలో నిలబడి టైము చూసుకోకు, నాకు చేతులాడవు. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది, డబ్బా బోర్లించుకుని కూర్చో. ఇంజను మూత తీస్తాను. ఆ పొడుగు స్క్రూడ్రైవరు ఇలా అందించు. అది కాదయ్యా, చెక్కపిడిది. జాగ్రత్త, కింద పడేసేవు. అది నాది కాదు, మా బావది.

మా బావంటే మా అక్క మొగుడు. నువ్వు చూసుండవు, నువ్వు పుట్టేనాటికే పోయాడు. ఈ షెడ్డు ఆయన పెట్టిందే. రేవులో అందరూ ఆయన్ని చెవిపుల్ల అనేవాళ్ళు. ఎందుకంటావా, ఏ ఇంజను వచ్చినా ముందు స్పానరు పట్టుకునేవాడు కాదు, ఇదిగో, ఈ స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి ఇక్కడ, చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎంతసేపు? అవతలివాడికి ఆవులింతలు వచ్చేదాకా. తర్వాత కళ్ళు తెరిచి, 'కింది బేరింగు పోయింది', అంతే. విప్పి చూస్తే కింది బేరింగే. చెవిపుల్ల అని పిలిస్తే కోపం వచ్చేది కాదు, 'మీ బుర్రల్లో గుబిలి తియ్యడానికే పుట్టానురా' అనేవాడు. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇంతంత. తుమ్మితే పైనున్న మా అక్క కుట్టుమిషను ఆగిపోయేది. పైన రెండు గదుల్లో వాళ్ళ కాపురం, వెనక వరండాలో నా మంచం. మా అక్క పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేది. భోజనానికి పిలవాలంటే మెట్లు దిగేది కాదు, కాలితో చెక్క నేలమీద మూడు దెబ్బలు కొట్టేది. ఆ చెక్కలోంచి దుమ్ము మా నెత్తిన రాలేది. 'పైనించి పిలుపొచ్చింది, పద' అనేవాడు బావ. ఇప్పుడు తల్చుకుంటే ఆ మాట కూడా బాగాలేదు.

నీ ఇంజను ఎలా కూసింది? ఆగకుండా కూసిందా, ఆగి ఆగి కూసిందా? గుర్తులేదంటే ఎలా? అదే కదా అసలు సంగతి. ఇప్పుడొచ్చే ఇంజన్లకి తెరలున్నాయి, నంబరు చూపిస్తాయి, పుస్తకం తీసి చూసుకుంటారు. వీటికి నోరొక్కటే ఉంది. ఆగి ఆగి కూస్తే ఆయిలు అడుగంటింది. ఆగకుండా కూస్తే ఒళ్ళు కాలిపోతోంది, చల్లార్చే నది నీళ్ళు ఎక్కట్లేదు. ఇంకోటుంది, తాళం తిప్పగానే చిన్నగా, రెప్పపాటు, ఒక్కసారి కూస్తుంది. అది జబ్బు కాదు. 'నేను బతికే ఉన్నాను, నా గొంతు బాగానే ఉంది, ఇంక బయల్దేరండి' అని చెప్పడం. మేం కూత అనేవాళ్ళం జబ్బు కూతని. ఈ చిన్నదాన్ని మాత్రం పలకడం అనేవాళ్ళం. కూత పోవాలి, పలుకు ఉండాలి. మా షెడ్డులో పని అయినట్టు లెక్క అదీ. బావ సీట్లో కూర్చుని తాళం తిప్పి 'పలికిందా?' అనేవాడు. నేను 'పలికింది' అనేవాణ్ణి. అప్పుడే మోకు విప్పేది.

నన్నెందుకు అడగడం, ఆయనకి చెవుల్లేవా అంటావు. లేవు నాయనా. అదే చెప్పొస్తున్నా. ముప్ఫయ్యేళ్ళు ఇంజన్ల మధ్య బతికినవాడికి ఏం మిగులుతుంది? నేనూ మొదట కనిపెట్టలేదు. ఒకరోజు ఇక్కడే, ఈ తలుపు దగ్గరే, ఒక బోటు చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. ఆయన దాని పక్కనే నిలబడి గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు, తాపీగా. నేను చెవులు మూసుకుని నవ్వాను. 'బావా, ఏం నిబ్బరం నీది!' అన్నాను. ఆయన నా చేతుల వంక చూశాడు. నేనెందుకు చెవులు మూసుకున్నానో అర్థం కాలేదు ఆయనకి. తర్వాత అర్థమైంది. ఆ మొహం... తుడుచుకుంటున్నవాడు అలాగే తుడుచుకుంటూ, 'మీ అక్కకి చెప్పకు' అన్నాడు. అంతే. లావు చప్పుళ్ళన్నీ వినపడతాయట, ఇంజను కొట్టుకోవడం, పిస్టను దెబ్బ, అవన్నీ ఎముకలోకి వస్తాయట. సన్న చప్పుళ్ళే పోయాయి. మరి ఇంట్లో ఎలా తెలీలేదంటే, మా అక్క గొంతు నువ్వు వినలేదు. ఆవిడ గొంతు వినపడట్లేదంటే మనిషి చెవిటివాడు కాదు, పోయినట్టే లెక్క. ఛ, నోరు జారుతోంది నాకు. ఆ బోల్టు పెట్టె ఇలా జరుపు.

ఆయనకి అదే పరువు. చెవిపుల్లకి చెవుడు అంటే రేవు రేవంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వుతుందని. ఇంజను ఇంకెవరు తెస్తారు? అందుకని ఉపాయాలు కనిపెట్టాడు. పడవ నడిపేటప్పుడు ఎడమ మోకాలు తాళం ఉండే పలక కింద నొక్కిపెట్టి కూర్చునేవాడు. ఆ పలక వెనకే కదా కూతడబ్బీ ఉండేది. ఆగకుండా కూస్తే సన్నగా జిల పెడుతుందట మోకాలికి. 'నాకు మోకాల్లో చెవులున్నాయిరా, ఎవడికుంటాయి' అని నవ్వేవాడు. ఒక్క పలుకు మాత్రం అందేది కాదు. అది రెప్పపాటు, పైగా తాళం తిప్పేటప్పుడు మనిషి ఇంకా సర్దుకుని కూర్చోడు. 'దానికి నువ్వున్నావు కదా' అనేవాడు. పదకొండేళ్ళు నేనే ఆయన చెవిని. ఈ మోకాలి సంగతి ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఇవాళ నువ్వు మూడో మనిషివి.

ఒక చేపల కాంట్రాక్టరు ఉండేవాడు, తొందరాయన అనేవాళ్ళం. కూర్చుని మాట్లాడ్డం ఎవరూ చూళ్ళేదు. 'అయిందా? ఇంకా ఎంతసేపు? అయిందా?' అంటూ షెడ్డులో ఇటూ అటూ. ఆయన బోటు కూస్తోందని తెచ్చాడు. ఆగకుండా కూత. నేను చెయ్యి తడుపుకుని ఇంజను హెడ్డు మీద చిలకరించి చూశాను, చుక్కలు చుయ్యిమనలేదు. వెనక నీళ్ళధార కూడా బాగానే పడుతోంది. ఇంకేముంది, వేడి లేదు, వేడి చెప్పే సెన్సారే తప్పు చెబుతోంది, అది మార్చేస్తే సరి అన్నాను. తొందరాయన మొహం వెలిగిపోయింది, పావుగంట పని కదా. బావ ఒప్పుకోలేదు. 'ఇంజను మొరపెట్టుకుంటే ముందు నమ్మాలి, తర్వాత అనుమానించాలి' అన్నాడు. 'ఇప్పుడు చల్లగా ఉందంటే నడిచేటప్పుడు చల్లగా ఉన్నట్టా?' పంపు విప్పాడు. పంపులో రబ్బరు చక్రం ఉంటుంది, దానికి ఆరు రెక్కలు, అవే నీళ్ళు తోడి పైకి పంపేది. చూస్తే ఐదే ఉన్నాయి. ఆరోది విరిగి ఎక్కడికో పోయింది. నీళ్ళదారిలో తిరుగుతూ ఒకసారి అడ్డం పడుతోంది, ఒకసారి పక్కకి జరుగుతోంది. అందుకే ఒకసారి వేడి, ఒకసారి చల్లన. బావ ఆ చక్రాన్ని నా ముక్కు దగ్గర పెట్టాడు. తొందరాయన ముందే. ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. 'చెవులున్నాయి నీకు, వినడం మాత్రం రాదు' అన్నాడు. 

ఆ మాట అందరిముందూ అనక్కర్లేదు కదా. చెవుడు దాచుకుని నా చెవులమీద బతుకుతూ నన్నంటాడా అని నాకు నషాళానికి అంటింది. నాలిక చివరిదాకా వచ్చింది, 'నీకు అవీ లేవు కదా' అందామని. మింగేశాను. మింగింది ఊరుకుంటుందా? మొహం మాడ్చుకుని పలక కింద దూరాను, సెన్సారు నించి వచ్చే తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయిందేమో చూడమన్నాడు బావ. వెల్లకిలా పడుకుంటే కూతడబ్బీ సరిగ్గా చెవి మీద. తీగ పరీక్షకని కొస ఇనుముకి ఆనించి తాళం తిప్పి ఉంచాం, అది కూస్తూనే ఉంది. తల పగిలిపోతోంది. దాని తీగ పీకేశాను. పీకి, తీగలన్నీ వెతికి, ఏమీ లేదని తేల్చి, బయటికి వచ్చాను. నువ్వు జనం కోసం పీకావు, నేను నా తలనొప్పి కోసం పీకాను. అంతే తేడా. నేను మళ్ళీ పెడదామనే పీకాను, అదొక్కటీ చెప్పుకోవాలి. పెట్టలేదు.

బావ కొత్త చక్రం వేశాడు. పైపు పెట్టి నీళ్ళదారి కడిగాడు, ఊదాడు, ఆ ముక్క రాలేదు. మళ్ళీ కడిగాడు. రాలేదు. తొందరాయన 'ఎప్పుడో బయటికి పోయుంటుందయ్యా, ఇచ్చెయ్యి' అని ప్రాణం తీస్తున్నాడు. 'ముక్క నా చేతిలో పడేదాకా ఇవ్వను. లేదంటే నేనే ఒకసారి తిప్పుకొస్తా. లోపలే ఉంటే వేడెక్కగానే కూస్తుంది, ఉన్నపళంగా వెనక్కి తిప్పేస్తా' అన్నాడు బావ. చూశావా? దాని గొంతుమీద నమ్మకం పెట్టుకుని వెళ్ళాడు నాయనా. మధ్యాహ్నం మూడున్నర, ఎండ ఫెళ్ళుమని కాస్తోంది. పోటు దాటిపోయి నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి. ట్రయలుకి ఎప్పుడూ నేనూ కూడా వెళ్ళేవాణ్ణి. ఆవేళ వెళ్ళలేదు. 'రావేంటి?' అంటే 'వినడం రానివాడు ఎందుకు?' అన్నాను. ఆయన నవ్వబోయి ఆగాడు. సాయంత్రం నాతో మాట్లాడదామనుకున్నాడేమో. అనుకునే ఉంటాడు. నాలుగు మెట్లు దిగి బోటులో కూర్చుని, తాళం తిప్పి... 

ఏంటి, ఏదో అన్నావు? ట్రిప్పుకి టైమవుతోందా? కూర్చో, నదేమీ పారిపోదు. ఆ సీసాలో నీళ్ళు ఇటు ఇవ్వు.

మొగ దాకా వెళ్ళాడు. మొగంటే నీకు చెప్పేదేముంది, నది సముద్రంలో పడే ఆ గొంతు దగ్గర ఇంజను ఆగిందంటే ఏమవుతుందో నీకూ తెలుసు. అక్కడ బిగుసుకుపోయింది. కాలి, పిస్టను బిగుసుకుపోయింది. పడవ అడ్డం తిరిగింది. గట్టుమీద వలలు ఆరేసుకునేవాళ్ళు చూశారట, ఆయన వెనక్కి పాకి మూత ఎత్తుతున్నాడట, మూడో కెరటానికి బోల్తా కొట్టిందట. మూడో కెరటం అని ఎలా లెక్కపెట్టారో మరి, నాకా మాట ఇప్పటికీ పోదు. బోటుని ఆ సాయంత్రమే లాక్కొచ్చి ఇక్కడ, ఈ మెట్ల దగ్గర కట్టారు. మనిషి మర్నాడు దొరికాడు. దొరికేదాకా మా అక్క పైన మిషను కుడుతూనే ఉంది. గుడ్డ అయిపోయినా ఉత్తినే తొక్కుతోంది. దుమ్ము రాలుతూనే ఉంది కింద.

బోటు దగ్గర అందరికంటే ముందు నేనే ఎక్కాను. మెకానిక్కుని కదా, ఎవరేమంటారు? పలక కింద చెయ్యి పెట్టాను. తీగ వేలాడుతోంది. నేను ఎలా వదిలానో అలాగే, నీళ్ళు కారుతూ. నా చెయ్యే దాన్ని తీసుకెళ్ళి డబ్బీకి తగిలించేసింది. నేను తగిలించాను అనట్లేదు చూశావా, చెయ్యి అంటున్నాను. ఇన్నేళ్ళైనా ఇంకా వేషాలే. నేనే తగిలించాను. తర్వాత తొందరాయన వచ్చాడు, రేవు గుమాస్తా వచ్చాడు, చూశారు. తీగ బాగానే ఉంది. 'మరి కూసి ఉండాలే! కూస్తే ఎందుకు వెనక్కి రాలేదు?' అన్నాడు గుమాస్తా. అందరూ నా మొహం చూశారు. అప్పుడు చెప్పాను. 'మా బావకి చెవుడండీ. ఎవరికీ చెప్పుకోలేదు' అని.

అయిపోయింది. ఒక్క మాట. పదకొండేళ్ళు కడుపులో దాచిన మాట, ఆయన ఒళ్ళు ఇంకా దొరక్కముందే కక్కేశాను. తొందరాయన 'అయ్యో, చెవిపుల్లకి చెవుడా!' అన్నాడు. నవ్వలేదులే ఎవరూ. కానీ ఆ మాట ఆ పూటకల్లా రేవు దాటింది. ఏ మాటకి భయపడి బతికాడో ఆ మాటే ఆయన పేరయిపోయింది. ఇప్పటికీ ముసలాళ్ళని అడుగు, 'ఆఁ, ఆ చెవిటి మెకానిక్కు, కూత వినపడక పోయాడు' అంటారు. మోకాలి సంగతి నేను చెప్పలేదు. చెప్తే, మరి మోకాలికి ఎందుకు తెలియలేదని అడుగుతారు కదా.

మా అక్క నన్ను ఒక్కటే అడిగింది. 'బయల్దేరేముందు నిన్ను ఏమీ అడగలేదా రా?' అని. 'అడగలేదక్కా' అన్నాను. ఇంక మొదలెట్టింది. ఇరవయ్యారేళ్ళు తిట్టింది ఆయన్ని. ఈ స్క్రూడ్రైవరు వంటింట్లో పొయ్యి పైన అరమీద పెట్టుకుంది. వండుతూ దీంతోనే మాట్లాడేది. 'నీ పరువు మండా! కట్టుకున్నదానికి చెప్పుకుంటే చిన్నతనమా? చెవుడైతే నిన్ను వదిలేసి పోతానా? పోనీ తమ్ముడు పక్కనే ఉన్నాడుగా, వాణ్ణి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?' అని. నేను ఆ వంటింట్లోనే, ఆవిడ ఎదురుగానే కూర్చుని తినేవాణ్ణి. ముద్ద దిగేదా అంటే దిగేది నాయనా, అదే నా మీద నాకు అసహ్యం. ఆకలి మామూలుగానే వేసేది. ఆవిడ అలా తిడుతూ తిడుతూనే పెద్దదైపోయింది. ఆయన మీద ప్రేమంతా కోపంగానే ఖర్చు పెట్టేసింది. మూడేళ్ళయింది పోయి. చివర్రోజుల్లో గొంతు పడిపోయింది, ఆ గొంతే. పెదాలు కదిపి మళ్ళీ అడిగింది, 'నిజంగా అడగలేదా?' అని. అప్పటికి నాకూ సరిగ్గా వినపడ్డం మానేసింది, పెదాలు చూసి పోల్చుకున్నాను. ఆ ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు. నా చెయ్యి పట్టుకునుంది. 'లేదక్కా' అన్నాను.

అడిగాడు. అడక్కుండా ఏనాడు బయల్దేరాడు గనక! తాళం తిప్పి, అలవాటు ప్రకారం గడ్డం పైకెత్తి నా వంక చూసి 'పలికిందా?' అన్నాడు. కోపంగా కాదు, రోజూ అడిగినట్టే. నేను మోకు విప్పుతున్నాను, ఆయన మొహం చూడ్డం ఇష్టంలేక ముడి వంక చూస్తున్నాను. తీగ పీకింది నేనే, పలికే దారే లేదు. అయినా నోరు దాని పాటికది అనేసింది. 'పలికింది, పలికింది, వెళ్ళు.' రెండుసార్లు అన్నాను. నేను అసలు వినలేదు. వినడం రాదని ఆయన అన్నది నిజమే కదా. ఆయన తలూపి, మోకాలు పలక కిందికి జరుపుకున్నాడు. అది చూశాను నేను.

ఊఁ. సరే. నీ ఇంజనులో నీళ్ళదారి దగ్గర ఉప్పు గడ్డకట్టింది, ఇదిగో, రాయిలా ఉంది. గీకేశాను. పంపు చక్రం రెక్కలు లెక్కపెట్టు, నీ కళ్ళు మంచివి. ఆరూ ఉన్నాయిగా? ఉంటే ఉన్నాయని వేలు పెట్టి చూపించు. ఆఁ. ఇదే నీ కూత. అది నిజమే చెప్పింది పాపం, నువ్వే దాని నోరు నొక్కావు. ఇంక వెళ్ళి సీట్లో కూర్చో. నాకూ సన్న చప్పుళ్ళు వినపడవు నాయనా, నా వంతు కూడా వచ్చింది. కాబట్టి నువ్వు విని చెప్పాలి. జనం పిలుస్తున్నారా? పిలవనీ. తాళం తిప్పు. తిప్పావా?

పలికిందా?

పలికిందీ? సరిగ్గా విన్నావా? రెండుసార్లు చెప్పక్కర్లేదు, ఒకసారి చాలు. ఇటు తిరుగు. ఇటు, నా చేతివైపు చూడు. తీగ ఇంకా నా చేతిలోనే ఉంది నాయనా.